మూఢంలో తిరగబడ్డ పెద్దమనుషులు

1. మూఢం పట్టక ముందు

ఈ లాగ్‌లో కణాల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టినవాళ్ళెవరూ అత్తగారితో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కణశాలలో పనిచేసి ఉండరు. నేను రాస్తాను. నచ్చనివాళ్ళు చదవడం మానుకోవచ్చు.

పొద్దున్నే మడి గదిలోకి వెళ్ళి సంచులకి మేత పెట్టాను. తెల్ల తొడుగు, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ, ఇవన్నీ వేసుకున్నాక ఎవర్నీ తాకకూడదు, ఏదీ అంటకూడదు. అందుకని కాలనీ పుట్టినప్పటి నుంచీ దాన్ని అందరూ మడి గది అనే అంటున్నారు. లోపల వెచ్చటి అరల్లో వరసగా సంచులు. ఒక్కో సంచీలో ఒక్కో మనిషి. అంటే ఆ మనిషి రక్తంలోంచి ఏరి తీసిన నియంత్రణ కణాలు. ఆ పేరు పుస్తకాల్లోనే. ఇక్కడ చిన్నపిల్లలు కూడా వాటిని పెద్దమనుషులంటారు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలు మతి తప్పి సొంత కీళ్ళ మీదా, సొంత కిడ్నీల మీదా పడితే, మధ్యలోకి వెళ్ళి "ఆగండ్రా, మనవాళ్ళే" అని సర్దిచెప్పేవి ఇవే. గురుడి చంద్రుడైన ఈ కాలిస్టో మీదకి వచ్చాక ఆ మతి తప్పడం అందరికీ ఎక్కువైంది. అందుకే ఏడాదికోసారి ఎవరి పెద్దమనుషుల్ని వాళ్ళకే పెంచి ఎక్కిస్తాం. పెంచడం నా వంతు. సూది గుచ్చి ఎక్కించడం మా అత్తగారు భ్రమరాంబ గారి వంతు. ఈ నాగావళి కాలనీలో ఆవిడ సూది దిగని చెయ్యి లేదు.

ఇంటికొచ్చి టిఫిన్లు పెడుతుంటే మా ఆడపడుచు రాజ్యం పచ్చడి గిన్నెలోకి వంగి చూసింది. రాజ్యం మంచు కోసే యంత్రం నడుపుతుంది. మనిషి ఇంతే ఉంటుంది, నోరు మాత్రం ఆ యంత్రమంత.

"ఏంటొదినా, టమాటాలు కూడా నిన్ను చూసి జడుసుకున్నాయా? ఇలా పాలిపోయాయేంటి?"

"వంకలు పెట్టడమే గానీ ఒక్కరోజు రుబ్బిన పాపాన పోయావా?"

"నిజంగానే వదినా. ఇదిగో, ఎడం కన్ను మూసుకుంటే ఎర్రగానే ఉంది. కుడి కన్ను మూసుకుంటే వెలిసిపోయినట్టుంది. ఎడం కన్ను తిప్పితే వెనకాల్నించి లాగుతోంది కూడాను."

నా చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది. కంటి నరం మీద దాడి మొదలైతే ముందు పోయేది ఎరుపు. పని నేర్చుకునేటప్పుడు చదివాను గానీ, మా ఇంట్లో, మా పచ్చడి గిన్నె ముందు ఆ మాట వింటానని కలలో కూడా అనుకోలేదు.

"నోర్మూసుకుని కణశాలకి పద, రక్తం తియ్యాలి" అన్నాను.

మారు మాట్లాడకుండా లేచి వచ్చింది. రాజ్యం అలా రావడం చూసి నాకు ఇంకా భయం వేసింది.

2. మూఢం పట్టిన రోజు

మా ఆయన మంచునీళ్ళ ఓడ మీద పక్క చంద్రుడు యూరోపా వైపు వెళ్ళారు, ఇప్పట్లో రారు. డాక్టర్లు ఎవరూ ఇక్కడ లేరు. ఉన్నదల్లా భూమ్మీద తరణి గారు, రేడియోలో. ఒక ప్రశ్న అడిగితే జవాబు వచ్చేసరికి అన్నమూ కూరా అయిపోతాయి. పొద్దున అడిగాను. జవాబు వచ్చేసరికే మధ్యలో గరగర మొదలైంది.

"కంటి నరమే. కొత్తగా పెంచండి. తయారవగానే ఎక్కించండి, కన్ను నిలుస్తుంది" అన్నంతవరకూ వినబడింది. తర్వాత బాణలిలో నీళ్ళు పడ్డట్టు చిటపటలు.

"అయిపోయిందమ్మా. మూఢం పట్టింది" అని హయగ్రీవం గారు చెవుల మీదివి తీసి బల్ల మీద పెట్టారు. కాలనీలో రేడియో చూసేదీ ఆయనే, పంచాంగం చెప్పేదీ ఆయనే.

నాకెప్పుడూ ఇది నవ్వే. గురు మూఢమట, గురుడు కనబడని రోజులట! మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఇత్తడి తాంబాళమంత గురుడు పొద్దస్తమానం అక్కడే వేలాడుతూ ఉంటాడు. ఆయన చుట్టూనే కదా మేం తిరుగుతున్నది! కనబడకపోవడం భూమ్మీదివాళ్ళకి, సూర్యుడు మధ్యలో అడ్డం వచ్చి. పనులు ఆపుకోవడం మాకు. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. సూర్యుడు అడ్డం వచ్చినన్నాళ్ళూ భూమితో మాటలుండవు. మంచీ చెడూ అడగడానికి డాక్టరుండదు. అందుకే మూఢంలో ఎవరికీ కణాలు ఎక్కించకూడదని కాలనీ కట్టుబాటు.

పాత రోజుల్లో మూఢం వస్తే సంచుల్ని గడ్డకట్టించి దాచేవాళ్ళు. కరిగించాక సగం చచ్చి ఉండేవి. పోయిన మూఢం తర్వాత జనం గోల పెట్టారు. చద్ది కణాలు మాకెందుకు, తాజావి కావాలన్నారు. సభలో చేతులెత్తి తీర్మానం చేశారు. కనక ఈసారి మూఢం నెల్లాళ్ళూ సంచుల్ని వెచ్చగానే ఉంచి, మేపుతూ, మూఢం వెళ్ళగానే అందరికీ తాజాగా ఎక్కించాలి. మేపాల్సింది నేను, చేతులెత్తినవాళ్ళు కాదు.

రాజ్యం సంచీని నా కళ్ళ ఎదురుగా ఉండే అరలో పెట్టాను.

3. వారం గడిచాక

రాజ్యం పెద్దమనుషులు చక్కగా పెరుగుతున్నారు. కొందరివి మొండికేస్తాయి, ఎంత మేత పోసినా ఉన్నచోటే ఉంటాయి. రాజ్యంవి అలా కాదు.

"నా కణాలు కదా మరి, తిండి దగ్గర మొహమాటం ఉండదు" అంది.

నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. నిన్న యంత్రాన్ని గోడకి ఆనించేసింది. ఎడం కంట్లో సగానికి బూడిదరంగు తెర పడిందని అప్పుడు చెప్పింది. పై అధికారి తాళాలు లాక్కున్నాడు. ఇంటికొచ్చి రెండు కాళ్ళూ బారచాపుకుని కూచుని, "ఇక నుంచి నేను దొరసాన్ని. కాఫీ పట్రా వదినా" అంది. తెచ్చి ఇచ్చాను. మామూలు రోజుల్లో అయితే మొహాన పోసేదాన్ని.

అత్తయ్య రాజ్యాన్ని ఎదురుగా కూచోబెట్టుకుంది. ఉప్పు తిప్పి దిష్టి తీసింది. మళ్ళీ మడి గదిలోకి వెళ్ళి అరలు తుడుస్తోంది. రాజ్యం సంచీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతోంది.

4. తయారైన రోజు

ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యా, రాజ్యం సంచీ తయారైంది. రేపు పొద్దున ఎక్కిద్దాం."

"మూఢంలోనా?"

"మూఢం గురుడికి పట్టింది, మన పిల్ల కంటికి పట్టలేదు. రోజురోజుకీ పోతోంది కన్ను. మీకు కనబడ్డం లేదా?"

గట్టిగానే అరిచాను. ఆవిడ అరవలేదు. చేతిలో గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది.

"నువ్వు ఈ ఇంటికి రాకముందు మూఢంలో ఒకడికి ఎక్కించాను వకుళా. కుర్రాడు. ఎక్కించిన కాసేపటికి ఊపిరాడ్డం మానేసింది. ఏం చెయ్యాలో చెప్పండి డాక్టరు గారూ అని రేడియోలో మొత్తుకుంటున్నాను. గరగర. నా చేతుల్లో ప్రాణం పోయేదాకా ఆ గరగర వింటూనే ఉన్నాను. నా కూతురికి అది జరగనివ్వను."

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడది చాదస్తమనే అనుకున్నాను.

"అప్పుడు ఆపుమందు లేదు అత్తయ్యా. ఇప్పుడుంది. ఏదైనా తేడా వస్తే ఆ సూది వేస్తే చాలు, ఎక్కించిన కణాలన్నీ చస్తాయి."

"ఎవరికైనా వేసి చూశావా?"

వెయ్యలేదు. ఇంతవరకూ ఆ అవసరమే రాలేదు.

రాజ్యం గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "అమ్మని వేధించకొదినా. మూఢం వెళ్ళేదాకా ఒక కన్ను చాలు నాకు. నీ మొహం చూడ్డానికి అదీ ఎక్కువే" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరి మీదా అరిచి వెళ్ళి సంచులకి మేత పెట్టుకున్నాను. పెట్టక ఏం చెయ్యను?

5. మేత చాలని రోజు

సంచుల్లో మేత గులాబీ రంగులో ఉంటుంది. కణాలు తినేకొద్దీ పసుపుకి తిరుగుతుంది. మొదట్లో మేత పోస్తే రెండు పూటలు నిలిచేది. ఇప్పుడు పొద్దున పోస్తే మధ్యాహ్నానికే పసుప్పచ్చ. అన్ని సంచులూ అంతే. రాజ్యంది మరీను.

నా చెయ్యి చాలా మంచిదని మురిసిపోయాను. రెండు రోజులు మురిసిపోయాను. మూడోనాడు పసుపు నీళ్ళు తీసి పారబోస్తూ ఉండగా మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. పెద్దమనుషులు నెమ్మదస్తులు. ఇంత ఆబగా తినే రకం కాదు.

రాజ్యం సంచీలోంచి ఒక చుక్క తీసి పరీక్ష పెట్టాను. నిఖార్సయిన నియంత్రణ కణానికి లోపల ఒక గుర్తు ఉంటుంది. రంగుమందు వేసి దీపం కింద పెడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. సంచీ తయారైన రోజున చూసినప్పుడు అద్దమంతా ఆకుపచ్చే. ఇవాళ సగానికి పైగా చీకటి. మందు పాతదైపోయిందేమో అని కొత్త సీసా తీశాను. మళ్ళీ చీకటి. దీపం పాడైందేమో అని ఇంకో దీపం పెట్టాను. అదే చీకటి.

అప్పుడు అసలు పరీక్ష. చిన్న గిన్నెలో రాజ్యం రక్తంలోని మామూలు కాపలా కణాలు వేసి, కావాలని రెచ్చగొట్టి, పైన సంచీలోని చుక్క వేశాను. పెద్దమనుషులైతే కాసేపట్లో గొడవ సద్దుమణగాలి. సద్దుమణగలేదు. పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా కట్టుకుంటున్నాయి. సర్దిచెప్పడానికి పంపినవే జగడంలోకి దూకాయి. అక్కడున్న వాటికంటే ఇవే ఎక్కువ రెచ్చిపోయి ఉన్నాయి.

స్టూలు మీద కూచోబోయి కింద కూచున్నాను.

అంటే మేత పెట్టి పెట్టి, ఆపకుండా పెంచి పెంచి, వాటి చేత వాటి బుద్ధి మరిపించాను. తయారైన రోజున ఎక్కిస్తే కన్ను కాపాడేవి. ఇవాళ ఎక్కిస్తే ఆ కంటి మీదే పడతాయి.

6. అన్ని సంచులూ

ఆ పూటంతా వరసగా పరీక్షలు పెట్టాను. యాభై పైచిలుకు సంచులు. ఒక్కటి కూడా మిగల్లేదు. ముందు మొదలుపెట్టినవి మరీ ఘోరం. మూఢం వెళ్ళగానే కొత్త బట్టలు కట్టుకుని వచ్చి చేతులు చాపబోయే వాళ్ళందరికీ నేను విషం మేపి పెంచుతున్నాను. తాజాగా!

మర్నాడు పొద్దున్నే రేడియో గదికి పరుగెత్తాను. హయగ్రీవం గారు విని తెల్లబోయారు.

"సరిగ్గా చూశావా అమ్మా?"

"మూడుసార్లు చూశాను."

"ఇంకోసారి చూడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు. ఇది బయటికి పొక్కితే జనం మన తలుపులు విరగ్గొడతారు. అవతల భూమితో మాట కూడా లేదాయె."

ముందు రోజు రాత్రే అత్తయ్యకి చెప్పకుండా దాచాను. ఆయన భయపెట్టినందుకు కాదు, అప్పటికింకా ఆయనకే చెప్పలేదు. "చూశావా, మూఢంలో పనికిరాదన్నాను కదా" అని ఆవిడ అంటుందని. ఆ మాట పడడం నాకు ఇష్టం లేక. అంతే, ఇంకే కారణమూ లేదు. హయగ్రీవం గారితో వాదిస్తూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. సంచులన్నీ ఇవాళే పారబొయ్యాలని నేను, ఆగుదామని ఆయన.

కణశాలకి తిరిగొచ్చి, తెల్ల తొడుగు వేసుకుని మడి గది తలుపు తీశాను. నా కళ్ళ ఎదురుగా ఉండే అర ఖాళీగా ఉంది.

రాజ్యం సంచీ లేదు.

తొడుగు ఒంటి మీద ఉండగానే ఇంటికి పరుగెత్తాను. ఆపుమందు తీసుకెళ్ళాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. రాజ్యం మంచం మీద ఉంది. పక్కన కొక్కేనికి సంచీ వేలాడుతోంది. ఖాళీ సంచీ. గొట్టం చివర ఒక్క బొట్టు మిగిలింది. అత్తయ్య కూతురి తల నిమురుతూ కూచుని, నన్ను చూసి తల ఎత్తింది. నేను కోప్పడతానని కూడా కాదు, నేను సంతోషిస్తానని అనుకుంటున్న మొహం.

"పొద్దున గ్లాసు కోసం చెయ్యి చాపి గాలిని పట్టుకుంది వకుళా. రెండో కన్ను కూడా మొదలైంది. ఇంక నావల్ల కాలేదు. కట్టుబాటు తప్పానని దేవుడికి నేనే జవాబు చెప్పుకుంటాను. నీ మీదకి రానివ్వను."

ఒక్క మాట నిన్న చెప్పి ఉంటే! ఒకే ఒక్క మాట!

7. ఆపుమందు

చెప్పాను. ఎలా చెప్పానో తెలీదు. విన్నంతసేపూ అత్తయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"అప్పుడు కాదని, ఇప్పుడు నీకు చెప్పకుండా ఎక్కించానని కక్ష కట్టి చెప్తున్నావు."

"అత్తయ్యా, నా మాట వినండి. ఆపుమందు వెయ్యాలి, ఇప్పుడే, ఈ క్షణం."

"పిల్లకి ఎక్కించిన మందుని చంపుతావా? అడ్డం లేచి నిలబడతాను. ఎలా వేస్తావో చూస్తాను."

మంచానికి అడ్డం నిజంగానే నిలబడింది. ఆవిణ్ణి తోసెయ్యడానికి చెయ్యెత్తాను కూడా. అప్పుడు వెనకాల్నించి రాజ్యం గొంతు వినబడింది. వేళాకోళం లేదు ఆ గొంతులో.

"అమ్మా, లైటెందుకు తీసేశావు?"

లైటు వెలుగుతూనే ఉంది. కిటికీలో గురుడు కూడా వెలుగుతూనే ఉన్నాడు. రాజ్యం కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, మా ఇద్దరికీ మధ్యలో ఎక్కడో చూస్తున్నాయి. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది.

అత్తయ్య మంచానికి అడ్డం తప్పుకుంది. నేను కణశాలకి పరుగెత్తి ఆపుమందు తెచ్చేసరికి ఆవిడ రాజ్యం చెయ్యి తుడిచి, నరం పట్టుకుని, సిద్ధంగా కూచుని ఉంది. సూది నా చేతిలోంచి లాక్కుని తనే వేసింది. గంట క్రితం ఎక్కించిన చేతికే, అదే నరంలోకి. వేశాక మాత్రం సూది కింద పెట్టలేకపోయింది. వేళ్ళు విడదీసి నేను తీసుకున్నాను.

జ్వరం సాయంత్రానికి దిగింది. మందు పనిచేసింది. ఎక్కించినవన్నీ చచ్చాయి. కుడి కంట్లో పొగలాంటి వెలుగు తిరిగి వచ్చింది, ఎదురుగా మనిషి ఉంటే తెలుస్తోంది. ఎడం కన్ను పోయింది.

"ఎవరు ఏడుస్తున్నారు? అమ్మా, వదినా?" అని అడిగింది రాజ్యం.

"ఇద్దరం" అన్నాను.

8. మూఢం వెళ్ళిన రోజు

సంచులన్నిట్లోనూ చంపే మందు పోసి పారబోశాను. హయగ్రీవం గారు అడ్డు చెప్పలేదు. రాజ్యాన్ని చూసి వచ్చాక ఆయన నోట ఇంకోసారి చూడమన్న మాట రాలేదు.

ఇవాళ పొద్దున్నే కణశాల ముందు జనం. కొత్త చీరలు, తలంట్లు, పిల్లలతో సహా. నేను బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. కణాలు పాడయ్యాయి, పారబోశాను, మళ్ళీ రక్తం ఇవ్వండి, మళ్ళీ పెంచుతాను, ఈసారి తయారైన రోజునే ఎక్కించాలి.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"పారబోశావా? మా ఆవిడ కీళ్ళు పట్టేసి మంచం దిగడం లేదు. నెల్లాళ్ళు ఆగాం, మర్యాదగా ఆగాం!" అని గొంతు చించుకున్నాడు గాలి యంత్రాల ముసలయ్య.

"మీ ఆడపడుచుకి మాత్రం మూఢంలోనే ఎక్కించుకున్నారటగా? ఆ పాపానికే మావీ పాడయ్యాయి!" అని వెనకాల్నించి ఎవరో ఆడమనిషి.

ఇంతలో తోపులాట మొదలైంది. లోపల ఇంకా సంచులున్నాయనీ, నేను దాచాననీ అనుకున్నారు. ముసలయ్య తలుపు మీద భుజం వేశాడు. ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన మనుషులు. ఒక్కరికీ నా మాట మీద నమ్మకం లేదు.

అత్తయ్య వచ్చింది. రాజ్యం చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. జనం కాస్త దారి ఇచ్చారు. ముసలయ్య ఎదురుగా ఆగింది.

"నీ చేతికి సూది వేసింది ఎవరు ముసలయ్యా?"

"తమరే."

"మీ అందరికీ?"

తోసుకుంటున్నవాళ్ళు ఆగారు.

"ఈ చేత్తోనే మూఢంలో నా కూతురికి ఎక్కించాను. మీకెవరికీ చెప్పకుండా, కోడలికి కూడా చెప్పకుండా, సంచీ దొంగిలించి ఎక్కించాను. వకుళ పారబోసిన వాటిలాంటిదే ఆ సంచీ. ఎన్నాళ్ళు ఎదురుచూశారో అన్నాళ్ళూ మేపిన సంచీ. ఏం చేసిందో చూడండి." రాజ్యం గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "మీకు ఇంకా అవే కావాలంటే తోసుకుని లోపలికి వెళ్ళి వెతుక్కోండి. సూది మాత్రం నేను వెయ్యను."

అందరూ రాజ్యాన్నే చూస్తున్నారు. రాజ్యానికి అంతమంది కనబడరు గనక ఎటు చూడాలో తెలీక కాస్త పక్కకి తిరిగి నిలబడింది.

"అమ్మ ఒక్కత్తే కాదు. నాకు కూడా తెలుసు మూఢమని. చెయ్యి చాపింది నేనే" అంది.

అత్తయ్య "నువ్వూరుకో" అని రాజ్యం చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరికీ చెప్పొద్దని వకుళకి చెప్పింది నేను" అన్నారు హయగ్రీవం గారు, గుంపు చివర నుంచి. అడక్కుండానే అన్నారు. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

ముసలయ్య తలుపు దగ్గర్నుంచి తప్పుకున్నాడు. భార్యని మోసుకుని వస్తానని వెళ్ళాడు, రక్తం ఇవ్వడానికి. మిగతావాళ్ళు వరసలో నిలబడ్డారు. ముందు రాజ్యం దగ్గర తియ్యమని వాళ్ళే అన్నారు.

9. కొత్త సంచులు

రేడియో పలికింది. తరణి గారికి జరిగిందంతా చెప్పాను. తర్వాత వచ్చిన మాటల్లో సగం ఓదార్పు, సగం జాగ్రత్తలు. కొత్త సంచీ వేళకి ఎక్కిస్తే కుడి కంట్లో ఉన్నంత చూపు నిలుస్తుందట. ఎడం కంటి సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇవాళ మేత పెడుతుంటే అత్తయ్య మడి కట్టుకుని లోపలికి వచ్చింది. అరలు తుడవలేదు. స్టూలు లాక్కుని రాజ్యం సంచీ ఎదురుగా కూచుంది.

"వకుళా, ఒక్క మాట అడుగుతాను. నీకు కోపమొస్తే నోటికేదొస్తే అదనేస్తావు. కానీ అబద్ధం చెప్పవు. అందుకే నిన్ను అడుగుతున్నాను."

"అడగండి."

"నువ్వు రేపు పొద్దున ఎక్కిద్దామన్నావే, ఆ రోజున నేను సరే అని ఉంటే పిల్ల కన్ను దక్కేదా?"

నా చెయ్యి ఆగిపోయింది. దక్కేది కాదు అత్తయ్యా, అప్పుడైనా ఇంతే, అనడానికి ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ మూతి మీద గుడ్డ పైన కళ్ళు రెండే కనబడుతున్నాయి. అవి నా మొహం మీంచి కదలడం లేదు.

"దక్కేది" అన్నాను. "రెండు కళ్ళూ దక్కేవి."

ఆవిడ ఏడవలేదు. తొడుగులున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూచుంది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. దగ్గరికి వెళ్దామంటే మడిలో ఉన్నాం, తాకకూడదు. అరలన్నిటికీ మేత పెట్టడం అయ్యేదాకా ఆవిడ కదల్లేదు.

"ఇవి ఎప్పటికి తయారవుతాయి?" అంది చివరికి.

చెప్పడానికి భయం వేసింది. "అమావాస్య నాటికి."

అమావాస్య నాడు ఈవిడ తలకి నూనె కూడా రాసుకోదు. ఎవరైనా పని మొదలుపెడతానంటే ఇంట్లోంచి కదలనివ్వదు. సంచీ వైపే చూస్తూ మెల్లిగా లేచింది.

"పొద్దున్నే తీసుకొస్తాను పిల్లని. తలుపు తీసి ఉంచు" అంది.